నాలుగు రోడ్ల చౌరస్తా ఇరుకు తీరాలంటే ముందు ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నల్గొండలో మీ కాలనీ దగ్గరి నాలుగు రోడ్ల చౌరస్తాలో ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు బండ్లు కదలడం లేదు. ఒక దిక్కు బస్టాండు, ఇంకో దిక్కు కూరగాయల మార్కెట్టు ఉన్నాయి. వార్డు ప్రతినిధి మీ కాలనీ సంఘాన్ని ఒక ప్రతిపాదన రాసి తెమ్మన్నారు. ఫ్లైఓవర్ అడగాలా, రోడ్డు వెడల్పు అడగాలా, సిగ్నల్ అడగాలా, నడుమ ఉన్న విగ్రహం చుట్టూ పెద్ద సర్కిల్ అడగాలా అన్నది మీలో మీకు తేలడం లేదు.

నేరుగా చెప్పాలంటే, ఆ నాలుగింటిలో ఏదీ మొదట అడగకండి. చౌరస్తాకు నాలుగు దిక్కులా మొదటి 75 మీటర్లు ఖాళీ చేయించండి, అంటే ఆటో అడ్డాను, బస్సు ఆగే చోటును, తోపుడు బండ్లను, రోడ్డు మీద నిలిపే వాహనాలను అక్కడి నుంచి జరిపించండి. ఏ దిక్కు నుంచి ఎన్ని బండ్లు ఎటు మళ్లుతున్నాయో లెక్క తీయించండి. ఆ లెక్క మీద ఒక నమూనా గీసి, సిమెంటు పోయకముందే ప్లాస్టిక్ డ్రమ్ములతో కొన్ని వారాలు నడిపి చూడండి. సిగ్నల్ కావాలో వద్దో అప్పుడు అంకెలే చెబుతాయి. ఫ్లైఓవర్ సంగతి ఇప్పటికి మరచిపోవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకాల ప్రకారం అన్ని దిక్కుల నుంచి కలిపి గంటకు 10,000 పీసీయూలు (కార్లలోకి మార్చి వేసిన వాహనాల లెక్క) దాటినప్పుడే దాని గురించి ఆలోచిస్తారు. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పట్టణాల్లో ఉద్యోగకాలమంతా రోడ్ల పనులు చూసినవాణ్ణి. పట్టణం లోపలి చౌరస్తాలలో ఆ అంకెకు దగ్గరగా వచ్చినదాన్ని నేను చూడలేదు.

పీసీయూ అంటే ఒక కారు ఆక్రమించే చోటును ఒకటిగా తీసుకొని, మిగతా వాహనాలను దానితో పోల్చి వేసే లెక్క. ఐఆర్‌సీ 106 అనే 1990 నాటి మార్గదర్శకంలో ఈ విలువలున్నాయి. మొత్తం వాహనాల్లో ఒక రకం వాటా పది శాతం దాటితే బైకు 0.75, ఆటో 2.0, వాటా అయిదు శాతం లోపు ఉంటే బస్సు లేదా లారీ 2.2, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు 4.0. ఈ అంకెలు పొడిగా కనిపిస్తాయి కానీ మన ఊళ్ల సంగతి చాలావరకు వీటిలోనే ఉంది. ఉదాహరణకు ఒక దిక్కు నుంచి గంటకు 900 బైకులు, 200 ఆటోలు, 150 కార్లు, 30 బస్సులు, 20 ట్రాక్టర్లు వస్తున్నాయనుకోండి. మొత్తం 1,300 వాహనాలు. పీసీయూలలో బైకులు 675, ఆటోలు 400, కార్లు 150, బస్సులు 66, ట్రాక్టర్లు 80, మొత్తం 1,371. వాహనాల్లో ఆరో వంతు కూడా లేని ఆటోలు రోడ్డులో మూడో వంతుకు దగ్గరగా తీసుకుంటున్నాయి. ఆ ఇరవై ట్రాక్టర్లు ఎనభై కార్ల చోటు తింటున్నాయి. అందుకే మన దిక్కున ఏ చౌరస్తా లెక్కయినా వడ్ల సీజన్ తప్పించి తీస్తే ఆ లెక్క పనికిరాదు. యాసంగి కోతల్లో, వానకాలం కోతల్లో మిర్యాలగూడ మిల్లుల వైపు వెళ్లే ట్రాలీల వరుస చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బత్తాయి లోడ్లు వచ్చే రోజులు, మీ ఊరి అంగడి రోజు కూడా లెక్కలోకి రావాలి.

లెక్క తీయడానికి పెద్ద సంస్థలు అవసరం లేదు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే బండ్లు ఎడమకు, నేరుగా, కుడికి వెళ్తాయి కనుక మొత్తం పన్నెండు కదలికలు. పాలిటెక్నిక్ విద్యార్థులను దిక్కుకు ఇద్దరు చొప్పున నిలబెట్టి, పావుగంటకొకసారి గీతలు గీయించి మేము లెక్కలు తీశాము. ఇప్పుడైతే మూలమీది మూడంతస్తుల భవనంపై ఒక ఫోను పెట్టి రికార్డు చేసి, ఇంట్లో కూర్చొని ఆపి ఆపి లెక్కించవచ్చు. అది మేలు, ఎందుకంటే అనుమానం వస్తే మళ్లీ చూసుకోవచ్చు. రెండు మామూలు పనిరోజులు, ఒక అంగడి రోజు చాలు. ఉదయం ఏడు గంటల నుంచే మొదలుపెట్టండి. కూలీల అడ్డా ఉన్న చౌరస్తా అయితే అసలు ఇరుకు తొమ్మిదింటికి కాక ఏడున్నరకే మొదలవుతుంది, ఆ సంగతి కార్యాలయాలకు వెళ్లేవారికి తెలియదు.

ఇక మొదటి 75 మీటర్ల మీద నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. సిగ్నల్ పచ్చగా ఉన్నప్పుడు ఒక దిక్కు నుంచి ఎన్ని బండ్లు బయటపడగలవన్నది ఆ దిక్కున చౌరస్తా మూతి దగ్గర ఎంత వెడల్పు నిజంగా వాడుకలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. అయిదున్నర మీటర్లు దాటిన వెడల్పుకు మీటరుకు 525 పీసీయూల చొప్పున లెక్కిస్తారు, అంటే ఏడు మీటర్ల మూతికి పచ్చ లైటు ఆగకుండా వెలిగితే గంటకు 3,675. అదే మూతిలో ఎడమ పక్కన ఆటోలు వరుసగా నిలబడి రెండున్నర మీటర్లు తీసుకుంటే మిగిలేది నాలుగున్నర మీటర్లు, అంత తక్కువ వెడల్పుకు వాడే వేరే పట్టిక ప్రకారం దాని సామర్థ్యం 2,250. పది ఆటోల నిలుపుదల రోడ్డు శక్తిలో దాదాపు నలభై శాతాన్ని తీసేస్తుంది. మడిగెలు కూల్చి, నష్టపరిహారం కట్టి, కోర్టు కేసులు దాటి మీరు సంపాదించబోయే వెడల్పు సరిగ్గా ఇంతే. ఉన్న రెండున్నర మీటర్లను వాడుకోకుండా కొత్తగా రెండున్నర మీటర్లు కొంటే, ఆ కొత్త చోటులోనూ ఆరు నెలల్లో ఆటోలే నిలబడతాయి. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, రెండు పట్టణాల్లో చూశాను.

అందులో ఒకచోట పద్నాలుగు మడిగెలు తొలగించాలని అంచనా తయారైంది. నేను వెళ్లి చూసేసరికి, ఆ దిక్కున ఆర్టీసీ బస్సు చౌరస్తాకు ఇరవై అడుగుల ముందు ఆగుతోంది. బస్సు దిగేవారి కోసం ఆటోలు దాని ముందే అడ్డంగా నిలబడుతున్నాయి. ఆటోల వెనుక ఒక ట్రాన్స్‌ఫార్మర్, దానికి ఆనుకొని మిర్చి బజ్జీల బండి. ఎడమకు తిరగవలసిన బైకులు వీటన్నిటినీ చుట్టి రోడ్డు నడుమకు వచ్చి, అక్కడి నుంచి ఎడమకు కోసుకుంటున్నాయి. వెనుక నేరుగా వెళ్లవలసిన లారీ ఆగిపోతోంది. అక్కడ రోడ్డు ఇరుకు కాదు, వరుస తప్పింది. డిపో మేనేజరుతో మాట్లాడి బస్సును చౌరస్తా దాటిన తరువాత డెబ్బై అయిదు మీటర్ల అవతల ఆగేట్టు చేశాము. బస్సు వెంట ఆటోలు వాటంతట అవే వెళ్లిపోయాయి, ఎవరినీ తరమవలసిన పని పడలేదు. బజ్జీల బండికి పక్క వీధి మొదట్లో చోటు చూపించారు. మడిగెలు ఈ రోజుకీ అలాగే ఉన్నాయి. బస్సును చౌరస్తాకు ముందు కాక దాటాక ఆపడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. నా అనుభవంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చిన మార్పు మరొకటి లేదు.

తోపుడు బండ్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. తొలగించండి అని మాత్రమే రాస్తే మీ ప్రతిపాదన అక్కడే ఆగుతుంది, ఆగాలి కూడా. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ ద్వారా వారికి చోటు చూపించాలి. ఆ చోటు చౌరస్తాకు నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి, లేకపోతే వారం తిరగకముందే బండ్లన్నీ తిరిగి వస్తాయి. వారి తప్పేమీ లేదు, గిరాకీ ఎక్కడుంటే బండి అక్కడ ఉంటుంది.

తరువాతి సంగతి కుడి మలుపులు. నాలుగు రోడ్లు కలిసే చోట బండ్ల దారులు ఒకదానికొకటి తగిలే బిందువులు 32 ఉంటాయి. అందులో 16 ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునేవి, ప్రమాదకరమైనవి. ఆ పదహారులో నేరుగా వెళ్లే బండ్ల మధ్య వచ్చేవి నాలుగే. తక్కిన పన్నెండూ కుడికి మళ్లే బండ్ల వల్ల వచ్చేవి. కనుక మీ లెక్కలో కుడి మలుపులు ఏ దిక్కున తక్కువగా ఉన్నాయో చూసి, అక్కడ కుడి మలుపు మూసి, కొంత ముందుకు వెళ్లి యూటర్న్ తీసుకొనే ఏర్పాటు చేయవచ్చు. హైదరాబాదులో పలు చోట్ల సిగ్నళ్లు తీసేసి ఇదే పద్ధతి పెట్టారు. అయితే అక్కడిది యథాతథంగా ఇక్కడికి తేవద్దు. మన పట్టణాల్లో డివైడర్ ఉన్న రోడ్డు తక్కువ, ఉన్నచోట యూటర్న్ చోటు నూట యాభై మీటర్లు దాటితే బైకువాళ్లు రాంగ్ రూట్లో ఎదురొస్తారు. ఇరుకు తీర్చబోయి ప్రమాదం కొనితెచ్చుకున్నట్లవుతుంది. పైగా యూటర్న్ దగ్గర రోడ్డు తగినంత వెడల్పు లేకపోతే ట్రాలీ ట్రాక్టరు ఒకేసారి తిరగలేక వెనక్కీ ముందుకీ ఆడుతుంది, ఆ రెండు నిమిషాల్లో రెండు దిక్కులూ నిలిచిపోతాయి.

సిగ్నల్ గురించి మీ సంఘంలో ఎక్కువమంది పట్టుబడుతున్నట్టు రాశారు కనుక కొంచెం వివరంగా చెబుతాను. సిగ్నల్ ఒక చుట్టు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పెట్టాలన్నదానికి వెబ్‌స్టర్ సూత్రం వాడతారు. ప్రతి దిక్కున వచ్చే బండ్లను ఆ మూతి సామర్థ్యంతో భాగించి, ఆ భాగాలను కలపాలి. దిక్కు మార్చిన ప్రతిసారీ దాదాపు నాలుగు సెకన్లు వృథా అవుతాయి, నాలుగు దిక్కులకు పదహారు. ఆ వృథాను ఒకటిన్నర రెట్లు చేసి అయిదు కలిపితే 29. దాన్ని, ఒకటిలోంచి ఆ భాగాల మొత్తాన్ని తీసేయగా మిగిలినదానితో భాగించాలి. మొత్తం 0.6 అయితే 72 సెకన్లు, 0.75 అయితే 116 సెకన్లు, 0.9 అయితే 290 సెకన్లు. అంత పెద్ద చుట్టులో మూడు నాలుగు నిమిషాలు ఎర్ర లైటు ముందు ఆగే మనిషిని నేను నల్గొండలోనూ చూడలేదు, పాలమూరులోనూ చూడలేదు. మొత్తం 0.8 దాటుతోందంటే సిగ్నల్ కంటే ముందు మూతులు విప్పాలని అర్థం. మూతి వెడల్పు పెరిగితే భాగించే సంఖ్య పెరుగుతుంది, మొత్తం తగ్గుతుంది, సిగ్నల్ పనిచేస్తుంది. మూతులు విప్పకుండా పెట్టిన సిగ్నళ్లే ఆరు నెలలకు పసుపు లైటు కొట్టుకుంటూ మిగిలిపోతాయి.

నా చేతుల మీదుగానే అలాంటిది ఒకటి జరిగింది. ఏ లెక్కా లేకుండా, ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైన ఒక సిగ్నల్‌కు నాలుగు దిక్కులకూ సమానంగా ముప్పై సెకన్లు పెట్టి ఇచ్చాము. ఒక దిక్కున ఖాళీ రోడ్డుకు పచ్చ లైటు వెలుగుతుంటే, ఎదురుగా బస్టాండు దిక్కున బండ్లు రైల్వే గేటు దాకా నిలిచాయి. మూడో రోజు ట్రాఫిక్ కానిస్టేబుల్ దాన్ని ఆపి, మళ్లీ చేత్తోనే నడిపించాడు. నేను అతణ్ణి తప్పు పట్టలేదు, ఏ దిక్కు నిండిందో అతని కంటికి కనిపిస్తుంది, మేము పెట్టిన పెట్టెకు కనిపించదు. మీ ప్రతిపాదనలో సిగ్నల్ ఉంటే ఉదయానికి, మధ్యాహ్నానికి, సాయంత్రానికి వేర్వేరు సమయాలు, కరెంటు పోతే నడిచే బ్యాటరీ, అయిదేళ్ల నిర్వహణ ఎవరి బాధ్యతో స్పష్టంగా రాయించండి.

నడిచేవారిని సాధారణంగా అందరూ చివర్లో ఒక వాక్యంగా కలుపుతారు, మీరూ అలాగే కలిపారు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క. పద్నాలుగు మీటర్ల రోడ్డు దాటడానికి పన్నెండు సెకన్లు, అడుగు ముందుకు వేయడానికి మరో ఏడు సెకన్లు. కూరగాయల సంచి పట్టుకొన్న పెద్దావిడకు ఇది చాలదు. రోడ్డు నడుమ కనీసం 1.2 మీటర్ల వెడల్పుతో నిలబడే చోటు ఉంటే ఆమె రెండు విడతల్లో దాటుతుంది, సిగ్నల్ సమయమూ తగ్గుతుంది.

విగ్రహం చుట్టూ ఉన్న చిన్న గుండ్రాన్ని చాలామంది సర్కిల్ అంటారు కానీ, రోటరీ అంటే అది కాదు. లోపలికి వచ్చే బండి, అప్పటికే చుట్టు తిరుగుతున్న బండికి దారి ఇచ్చి, దానితో కలిసి, మళ్లీ విడిపోవడానికి తగిన పొడవు ఉండాలి. పాత ఐఆర్‌సీ మార్గదర్శకం అన్ని దిక్కులూ కలిపి గంటకు 3,000 వాహనాలను దానికి గరిష్ఠ హద్దుగా చెప్పింది. మీ చౌరస్తాలో నాలుగు దిక్కులూ నేను పైన ఉదాహరించినట్టే ఉంటే 5,000 దాటుతుంది, కనుక సర్కిల్ పెద్దది చేయడం వల్ల చోటు పోవడమే తప్ప లాభం లేదు.

నమూనా గీసేటప్పుడు మేము వాడిన ఒక పద్ధతి మీరూ చేయవచ్చు. ట్రాఫిక్ పోలీసుల అనుమతి తీసుకొని, రాత్రి పదకొండు తరువాత చౌరస్తా అంతటా సున్నం పొడి పలుచగా చల్లించాము. తెల్లారి ఆరింటికి పక్క భవనం మీద నుంచి చూస్తే చక్రాలు తొక్కిన చోట నలుపు, తొక్కని చోట తెలుపు. నాలుగు మూలల్లోనూ, నడుమా త్రికోణాల్లా తెల్లని ముక్కలు మిగిలాయి. ఏ బండికీ అవసరం లేని చోటు అది. బండ్లను విడదీసే దిబ్బలు అక్కడే రావాలి. ఆ తెల్లని అంచుల వెంట ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టి మూడు వారాలు నడిపాము. రెండో రోజే ఒక డ్రమ్ము నలిగి పక్కకు పడింది. చూస్తే ఒకవైపు టైరు రాపిడి, దాని చుట్టూ వడ్ల గింజలు. రాత్రి వచ్చిన ట్రాలీ వెనుక చక్రం మలుపులో లోపలికి కోసుకుపోయింది. దిబ్బ ముక్కును ఒక మీటరు వెనక్కి జరిపాము. సిమెంటు పోసిన తరువాత ఈ సంగతి తెలిసి ఉంటే, ఆ దిబ్బ రోజూ పగులుతూ ఉండేది, లేదా ట్రాలీ ఎదుటి వరుసలోకి వెళ్లి తిరిగేది. వాన పడిన రోజు కూడా చూడండి. నీళ్లు నిలిచే వరుసను ఎవరూ వాడరు, మోరీ బాగుచేయకుండా వేసిన వరుస కాగితం మీదే ఉంటుంది.

మీ రోడ్లలో ఏది ఎవరిదో ముందుగా తెలుసుకోండి. నకిరేకల్ నుంచి నల్గొండ మీదుగా సాగర్ వెళ్లేది 565వ జాతీయ రహదారి. మహబూబ్‌నగర్, మిర్యాలగూడల మీదుగా వెళ్లేది 167వ జాతీయ రహదారి. ఒక్క దిక్కు జాతీయ రహదారి అయినా, మునిసిపాలిటీ తీర్మానంతో అక్కడ డివైడర్ కట్టలేరు. తక్కినవి ఆర్ అండ్ బీవో, మునిసిపాలిటీవో వేర్వేరుగా అడగాలి. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్, మిషన్ భగీరథ పైపులు జరిపే ఖర్చు అంచనాలో మొదటే ఉండాలి, పని కూడా మొదటే జరగాలి. లేకపోతే కొత్త రోడ్డును నెలకే తవ్వుతారు. పోలీసు స్టేషనులో మూడేళ్ల ప్రమాదాల వివరాలు అడగండి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలు జరిగిన ప్రమాదాలు అయిదు ఉన్నా, మృతులు పదిమంది ఉన్నా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. అలా గుర్తింపు వస్తే నిధుల దారి వేరుగా ఉంటుంది.

చివరిగా మీరు మొహమాటపడుతూ అడిగిన విగ్రహం సంగతి. ప్రజల రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది, కానీ మీది అంతకు చాలా ముందు నుంచి ఉన్నదని రాశారు. దాన్ని జరపాలని ప్రతిపాదనలో రాయకండి. రాస్తే తక్కిన పేజీలు ఎవరూ చదవరు. విగ్రహం నిలబడిన గద్దె సాధారణంగా రెండు మూడు మీటర్లకు మించదు. దాని చుట్టూ తరువాత కట్టిన మెట్లు, రెయిలింగు, పూలకుండీలు, రెయిలింగుకు కట్టే ఫ్లెక్సీలు కలిసి దాన్ని ఎనిమిది తొమ్మిది మీటర్లు చేస్తాయి, ఎదుటి దిక్కు నుంచి వచ్చే బైకును కనబడకుండా చేసేవి ఆ ఫ్లెక్సీలే. టేపు తీసుకెళ్లి గద్దెను వేరుగా, చుట్టూ కట్టినదాన్ని వేరుగా కొలిచి, రెండు కొలతలూ మీ స్కెచ్‌లో పక్కపక్కన రాసి పంపండి. వాటితోపాటు పన్నెండు కదలికల లెక్క కూడా పంపితే దిబ్బలు ఎక్కడ రావాలో నేను గీసి ఇస్తాను.